తెల్లారి మొదటి సెల్ఫ్

గ్యారేజీలో కారు పెట్రోలు పంపు మార్చమన్నారని డబ్బు కట్టేయకు తల్లీ, రెండు రోజులు ఆగు. నీ ఉత్తరంలోనే దానికి జవాబుంది, రాసింది నువ్వే, చూసుకోనిదీ నువ్వే. పాడేరులో తెల్లవారుజామున ఎంత సెల్ఫ్ కొట్టినా బండి లేవదు, లేచినా రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. అదే బండి మధ్యాహ్నం విశాఖలో ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కినా లాగుడు తగ్గలేదు. ఇవన్నీ నీ మాటలే. ఇంజన్ పెట్రోలు ఎక్కువగా అడిగేది ఘాట్ ఎక్కేటప్పుడే కదా. అక్కడ అడిగినంతా ఇచ్చిన పంపు పనికిరానిదని తేల్చడానికి ఆధారమేమిటి?

మొదట బ్యాటరీ మార్చారు, తర్వాత ప్లగ్గులు, ఇప్పుడు పంపు అంటున్నారు. మార్చేముందు ఏ ఒక్కటీ ఎవరూ కొలవలేదు. ఈ మావయ్యకు కోపం వచ్చింది అందుకే. పాత ప్లగ్గులు విప్పినప్పుడు వాటి కొసలు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో చూడకుండానే చెత్తలో పడేయనిచ్చావు. ఆటోమొబైల్ డిప్లొమా చదివిన పిల్లవి, పక్కనే నిలబడి ఉన్నావు. ఆ ప్లగ్గులు చెప్పగలిగిన సాక్ష్యం వేలు పెట్టినా తిరిగి రాదు.

చల్లటి ఇంజన్‌కు ఏం కావాలో ఒకసారి సరిగ్గా ఆలోచించు. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. మే నెల ఎండలో ఆరేసిన చీర ఎంతసేపట్లో ఆరుతుందో, పుష్యమాసం మంచులో ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు, పెట్రోలు సంగతీ అంతే. వేడెక్కిన ఇంజన్‌లో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చాలు. చల్లటి ఇంజన్‌లో పోసినదాంట్లో తేలిక భాగం మాత్రమే ఆవిరవుతుంది, మిగతాది గొట్టం గోడలకు అంటుకుంటుంది. అందుకే మొదటి క్షణాల్లో మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పొయ్యాలి. కార్బురేటర్ కాలంలో ఆ పని చోక్ లాగే చెయ్యి చేసేది. ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో డ్రైవర్ చెవికే తెలిసేది.

చోక్ పోయి ఇంజెక్షన్ వచ్చాక ఆ చెవి పని ఎవరికి అప్పగించాలన్నది ఇంజనీర్లను చాలాకాలం వేధించింది. 1967లో బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను ఫోక్స్‌వాగన్ 1600లో పెట్టింది. ఆ తరం వ్యవస్థల్లో చలి కోసమే విడిగా ఒక ఇంజెక్టర్ ఉండేది, దానికి థర్మో టైమ్ స్విచ్ కాపలా. స్విచ్ లోపల రెండు లోహాల పట్టీ, దాని చుట్టూ కరెంటుతో వేడెక్కే తీగ. మైనస్ 20 డిగ్రీల చలిలో సుమారు 8 సెకన్లు అదనంగా పెట్రోలు చల్లనిచ్చి, పట్టీ వంగగానే ఆపేసేది, లేకపోతే ప్లగ్గులు తడిసి మునిగిపోతాయి. తరువాతి తరంలో ఆ విడి ఇంజెక్టర్‌ను తీసేసి, మామూలు ఇంజెక్టర్లనే ఎక్కువసేపు తెరిచి ఉంచే బాధ్యత కంప్యూటర్‌కు ఇచ్చారు. మన దేశంలో 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతానికి యూరో కాలుష్య నిబంధనలు అమలు చేయించాక చిన్న కార్లలో కూడా కార్బురేటర్లు వేగంగా పోయాయి. నీ బండి ఆ మార్పు తర్వాత పుట్టిందే.

మరి ఆ కంప్యూటర్‌కు చలి ఎలా తెలుస్తుంది? కూలెంట్‌లో మునిగి ఉండే చిన్న ఇత్తడి సెన్సర్ చెబితేనే తెలుస్తుంది. నీ బండి జబ్బు అక్కడుందనే మావయ్య అనుమానం. చల్లబడే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందల ఓమ్‌లు ఉంటుంది. బాగా పాతబడిన సెన్సర్ పూర్తిగా చావకుండా అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. పాడేరు పొద్దున పది డిగ్రీలుంటే, నలభై ఉందంటుంది. ఇంజన్ వెచ్చగానే ఉందనుకుని కంప్యూటర్ తక్కువ పెట్రోలు ఇస్తుంది. మధ్యాహ్నం విశాఖలో ఆ అబద్ధానికీ నిజానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి బండి హాయిగా లేస్తుంది.

చెక్ లైట్ వెలగలేదని మెకానిక్ అన్నాడన్నావు. వెలగదు. వైరు తెగితేనో, షార్ట్ అయితేనో వెలుగుతుంది. నలభై అన్నది జరగగల ఉష్ణోగ్రతే కదా, కంప్యూటర్ దాన్ని తప్పనుకోదు. డాష్‌బోర్డు మీద వేడి ముల్లు సరిగ్గానే తిరుగుతోందని కూడా రాశావు. చాలా పాత బండ్లలో ముల్లుకు వెళ్లే ఒంటి వైరు సెన్సర్ వేరు, కంప్యూటర్‌కు వెళ్లే రెండు వైర్ల సెన్సర్ వేరు. ముల్లును చూసి రెండోదానికి మంచి సర్టిఫికెట్ ఇవ్వకు.

నీ స్నేహితురాలు కొనమన్న బ్లూటూత్ స్కానర్ మీద ఆశ పెట్టుకోకు. లోపాలను బండే పసిగట్టి చెప్పే ఓబీడీ ఏర్పాటు మన దేశంలో 2010కి ముందు కార్లకు తప్పనిసరి కాదు, చవక స్కానర్లు అలాంటి చాలా బండ్లతో మాట్లాడవు. నీకు కావలసింది మల్టీమీటర్.

ఇక మావయ్య పట్టుదల సంగతి. నీకు విసుగొచ్చినా సరే, ఇది రాయక తప్పదు. చలి జబ్బుకు పరీక్ష రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. రాత్రంతా ఆగిన ఇంజన్ మొదటి సెల్ఫుకు ఎలా ప్రవర్తించిందో అదే అసలు సాక్ష్యం. రెండో సెల్ఫుకల్లా ప్లగ్గుల మీద పెట్రోలు పడి ఉంటుంది, బ్యాటరీ కొంత దిగి ఉంటుంది. పదో సెల్ఫుకు ఇంక నువ్వు పరీక్షిస్తున్నది పాత జబ్బును కాదు, నువ్వు కొత్తగా తెచ్చిపెట్టిన జబ్బును. గ్యారేజీకి పదకొండు గంటలకు తోలుకెళ్లిన బండిలో చలి జబ్బు కనిపించదు. పాపం ఆ మెకానిక్ ఏం చేస్తాడు, తనకు అలవాటైన వస్తువు మారుస్తాడు. కాబట్టి సామానంతా రాత్రే సర్దుకో. మల్టీమీటర్, ప్లగ్ పానా, టార్చి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని పడుకో. పొద్దున తాళం ముట్టుకోకముందే సెన్సర్ ప్లగ్ ఊడదీసి ఓమ్‌లు కొలువు, పక్కన గాలి ఉష్ణోగ్రత రాయి. రాత్రంతా ఆగిన ఇంజన్ వేడి, బయటి గాలి వేడి దాదాపు ఒకటే కావాలి. సెన్సర్ దానికి భిన్నంగా చెబితే దొంగ దొరికినట్టే. ప్లగ్ తిరిగి పెట్టే ముందు దాని పిన్నుల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడు. చిలుము రెసిస్టెన్స్ పెంచుతుంది, అప్పుడు అబద్ధం ఎదురువైపు తిరుగుతుంది. ఇంజన్ ఉన్నదానికంటే చల్లగా ఉందనుకుని కంప్యూటర్ అతిగా పోస్తుంది, నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు తడిసిపోతాయి.

మొదటి సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజీ చూసే మనిషి ఒకరు కావాలి. తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే సెన్సర్ సంగతి పక్కనపెట్టి ముందు టెర్మినళ్లు, ఎర్త్ వైరు చూడు. కొత్త బ్యాటరీకి కూడా తుప్పు పట్టిన ఎర్త్ అడ్డుపడుతుంది. బండి అందుకోకపోతే మళ్లీ కొట్టకుండా ఒక ప్లగ్ విప్పు. పొడిగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, తడిగా ఉంటే ఎక్కువైంది లేదా నిప్పు లేదు.

ప్లగ్ పొడిగా ఉండి, సెన్సర్ మాత్రం నిజమే చెబుతోందనుకో, మరుసటి రోజు ఇంకో పరీక్ష ఉంది. తాళం ఆన్ చెయ్యి, సెల్ఫ్ కొట్టకు. వెనక సీటు వైపు నుంచి పంపు రెండు సెకన్లు గుయ్యిమంటుంది. ఆపి మళ్లీ ఆన్ చెయ్యి. అలా మూడు నాలుగుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టు. వెంటనే లేచిందంటే రాత్రంతా లైనులో నిలవాల్సిన ప్రెషర్ కారిపోతోందన్నమాట. పంపులోని చెక్ వాల్వో, రెగ్యులేటరో, కారే ఇంజెక్టరో కారణం కావచ్చు. అప్పుడు పంపు మాట ఎత్తినా అర్థముంటుంది. అయినా ముందు గేజ్ పెట్టించాలి. పెట్రోలు లైను నువ్వు మాత్రం విప్పకు. అందులో రెండున్నర, మూడు బార్ల ప్రెషర్ ఉంటుంది, కళ్లలోకి చిమ్ముతుంది.

యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే లేచి, వదిలితే ఆగిపోయే బండి అయితే త్రోటిల్ బాడీలో కార్బన్, ఐడిల్ వాల్వ్ చూడాలి. నీది అలా లేదు కాబట్టి వదిలేద్దాం.

ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్లేనా అని అడిగావు. కొంత నిజముంది. ఇథనాల్ ఆవిరవడానికి పెట్రోలు కంటే చాలా ఎక్కువ వేడి లాక్కుంటుంది. బ్రెజిల్‌లో ఇథనాల్ కార్లకు బోనెట్ కింద చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా ఉండేది, చలిలో లేపడానికే. 2009లో అక్కడి ఫోక్స్‌వాగన్ పోలో ఆ ట్యాంకు లేకుండా, ఇంధనాన్నే వేడిచేసే ఏర్పాటుతో వచ్చింది. కానీ మన బంకుల్లో కలిసేది 20 శాతం వరకే, పాడేరు చలి మైనస్‌లో ఉండదు. ఆరోగ్యంగా ఉన్న బండి ఆ మాత్రానికి మొరాయించదు, అప్పటికే తక్కువ పెట్రోలు తాగుతున్న బండికి మాత్రం అది ఇంకాస్త భారమవుతుంది. అయితే పాత రబ్బరు గొట్టాలు ఉబ్బాయేమో, పగిలాయేమో చూసుకో. పెట్రోలు వాసన వస్తే ఆ రోజు పరీక్షలు మానెయ్యి.

గురువారం పొద్దున లేచి కొలువు. గాలి ఉష్ణోగ్రత, సెన్సర్ ఓమ్‌లు, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజీ, ప్లగ్ తడో పొడో కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. అవి చూసేదాకా ఆ గ్యారేజీకి ఫోన్ చేయకు.

మీ మావయ్య