చూపుకు తగిన తెర

పాఠ్యభాగ ఉద్దేశం: ఫొటోలను సరిదిద్దడం, చలనచిత్రాలు చూడడం, ఆటలు ఆడడం అనే మూడు పనులు మానిటర్‌లో మూడు వేర్వేరు గుణాలను కోరుతాయి. ప్రకటనలలోని అంకెలకు లోబడక, అవసరానికి తగిన తెరను ఎన్నుకోగల వివేచనను విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి జీవం ఔచిత్యమని ప్రతిపాదించాడు. ఆభరణం ఎంత విలువైనదైనా తగినచోట లేకపోతే నవ్వుల పాలవుతుందన్నది ఆయన వాదన. వస్తువులను కొనే సందర్భంలోనూ ఈ సూత్రం వర్తిస్తుంది. దుకాణానికి వెళ్ళి "మంచి మానిటర్ ఏది?" అని అడగడం, కవి దగ్గరికి వెళ్ళి "మంచి ఛందస్సు ఏది?" అని అడగడం వంటిదే. దేనికి అన్నది తేలకుండా ఆ ప్రశ్నకు సమాధానం ఉండదు.

1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన కాథోడ్ కిరణ నాళిక చాలాకాలం తెరలను ఏలింది. నేడు మన బల్లల మీద ఉన్నవి ఎక్కువగా ద్రవస్ఫటిక తెరలు, అనగా ఎల్‌సీడీలు. వీటి వెనుక ఒక దీపం వెలుగుతూ ఉంటుంది. దాని ముందు లక్షలాది చిన్న తలుపుల వలె ద్రవస్ఫటికాలు అమరి ఉంటాయి. తలుపు తెరుచుకున్న మేరకే వెలుగు బయటికి వస్తుంది. ఆ తలుపులు కదిలే తీరును బట్టి టీఎన్, ఐపీఎస్, వీఏ అనే మూడు జాతులు ఏర్పడ్డాయి. ఓఎల్ఈడీ వీటికి భిన్నమైనది. అందులో వెనుక దీపమే ఉండదు, ప్రతి చుక్కా స్వయంగా ప్రకాశిస్తుంది.

ఆ చుక్కలనే పిక్సెళ్ళు అంటాం. ఫుల్ హెచ్‌డీ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చొప్పున మొత్తం 20,73,600 పిక్సెళ్ళు ఉంటాయి. ఫోర్‌కే తెరలో 3840 × 2160, అంటే సరిగ్గా దానికి నాలుగింతలు. అయితే లెక్క ఒక్కటే చాలదు, అవి ఎంత స్థలంలో పరచుకున్నాయో చూడాలి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్ళు ఉంటాయి. అదే సంఖ్యను 27 అంగుళాలకు సాగదీస్తే 82కు తగ్గి అక్షరాల అంచులు బరకగా కనిపిస్తాయి. 27 అంగుళాలకు 2560 × 1440 చక్కగా అమరుతుంది, అంగుళానికి 109 దాకా వస్తాయి. పెద్ద తెర కావాలన్న మోజులో చాలామంది ఈ చిన్న భాగహారాన్ని మరచిపోతారు.

ఇక ఫొటోల సంగతి. మూడు పనులలో తెర నుండి సత్యాన్ని కోరేది ఇదొక్కటే. సినిమా ప్రేక్షకుణ్ణి, ఆట ఆటగాణ్ణి మురిపిస్తే చాలు. ఫొటో సరిదిద్దేవానికి మాత్రం తెర సాక్షి వంటిది. సాక్షి అబద్ధం చెబితే తీర్పు తప్పుతుంది. ఒక చిన్న పట్టణంలోని స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్ తయారవుతున్నదనుకుందాం. వధూవరులు ధరించిన మధుపర్కాల తెలుపు, వాటి అంచు ఎరుపు, తలంబ్రాల పసుపు ఛాయ, వీటిని సరిచూసేది మానిటర్ మీదనే. అది దుకాణంలో ధగధగలాడినట్లే ఇక్కడా 300 నిట్ల కాంతితో వెలుగుతున్నదనుకోండి. చిత్రం మరీ కాంతిమంతంగా ఉన్నదని భ్రమించి పనివాడు వెలుగును తగ్గిస్తాడు. ముద్రణశాల నుండి ఆల్బమ్ తిరిగివచ్చేసరికి ముఖాలు నల్లబడి ఉంటాయి. ముద్రణ యంత్రం దోషం కాదు, కాగితం దోషమూ కాదు. మూల ఫైలు భద్రంగా ఉంటే మళ్ళీ ముద్రించవచ్చు, కాని ఆ ఖర్చు స్టూడియో భరించాలా, పెళ్ళివారు భరించాలా అన్న తగవు మిగులుతుంది. అందుకే ముద్రణ కోసం పనిచేసేవారు తెర కాంతిని సాధారణంగా 80 నుండి 120 నిట్ల మధ్య ఉంచుకుంటారు.

కాంతి తరువాత రంగు. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి ఎస్ఆర్‌జీబీ అనే వర్ణ పరిధిని ప్రతిపాదించాయి. నేటికీ అంతర్జాలంలోని చిత్రాలకు అదే సామాన్య ప్రమాణం. తెర ఆ పరిధిని దాదాపు పూర్తిగా చూపగలగాలి. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌జీబీ ఆకుపచ్చ, నీలి ఛాయలలో ఇంకా విశాలమైనది, ముద్రణకు ఉపకరిస్తుంది. అయితే పరిధి విశాలమైనంత మాత్రాన రంగు సరైనదని అర్థం కాదు. కోరిన రంగుకూ చూపిన రంగుకూ గల తేడాను డెల్టా ఇ అనే అంకెతో కొలుస్తారు. అది 2 కంటె తక్కువైతే ఆ తేడాను కన్ను పసిగట్టడం కష్టం. ఈ పనికి టీఎన్ తగదు, తల కాస్త వంచితే రంగు మారిపోతుంది. ఐపీఎస్‌లో ప్రక్క నుండి చూసినా రంగు నిలకడగా ఉంటుంది. ఎంత మంచి తెర అయినా కాలక్రమంలో రంగు తప్పుతుంది కనుక, క్యాలిబ్రేటర్ అనే చిన్న పరికరాన్ని తెరకు ఆనించి అప్పుడప్పుడు సరిచేసుకోవాలి. ఒకే ఊరిలోని నాలుగు స్టూడియోలు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది.

సినిమాకు కావలసినది చీకటి. ద్రవస్ఫటికపు తలుపు ఎంత మూసినా సందు నుండి కొంత వెలుగు కారుతూనే ఉంటుంది. సాధారణ ఐపీఎస్ తెరలో అత్యధిక కాంతికీ అత్యల్ప కాంతికీ నిష్పత్తి సుమారు 1000:1. వీఏలో అది 3000:1 దాకా ఉంటుంది. ఓఎల్ఈడీలో చుక్క ఆరిపోతే అక్కడ వెలుగే లేదు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అటువంటి వెడల్పు బొమ్మను 16:9 నిష్పత్తి గల మానిటర్ మీద చూస్తే పైనా క్రిందా నల్లని పట్టీలు మిగులుతాయి. బొమ్మ వెడల్పు 2.39:1 అయితే తెరలో దాదాపు నాలుగవ వంతు వాటి పాలే. చీకటి గదిలో ఐపీఎస్ మీద ఆ పట్టీలు నలుపుగా కాక బూడిదరంగుగా కనిపిస్తాయి. మరొక చిక్కు కూడా ఉన్నది. సినిమా సెకనుకు 24 బొమ్మలుగా నడుస్తుంది. 60ని 24 నిశ్శేషంగా భాగించదు కనుక, సెకనుకు 60 మార్లు మారే తెర మీద ఒక బొమ్మ మూడుసార్లు, తరువాతిది రెండుసార్లు కనిపించి, కెమెరా మెల్లగా కదిలేచోట తడబాటు తోస్తుంది. 120నూ 144నూ 24 సరిగా భాగిస్తుంది. ఆటల కోసం పుట్టిన వేగం సినిమాకు ఇలా అక్కరకు వచ్చింది.

ఆటలో ఆ వేగమే ప్రధానం. 60 హెర్ట్జ్ తెర మీద కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, 144 హెర్ట్జ్ తెర మీద 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. పెట్టె మీద అచ్చువేసే "1 మిల్లీసెకను" వేరే సంగతి, అది పిక్సెల్ రంగు మారే కాలం. అత్యనుకూల పరిస్థితిలో కొలిచిన ఆ అంకెను పూర్తిగా నమ్మనక్కరలేదు. చవక వీఏ తెరలలో చీకటి దృశ్యాలు కదిలేటప్పుడు నీడలు ఈడ్చినట్లు కనిపించడం తరచు జరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు శక్తి కూడా లెక్కలోకి వస్తుంది. ఫోర్‌కే తెర కొంటే అది నాలుగింతల పిక్సెళ్ళను మోయాలి. మోయలేకపోతే సెకనుకు 30 బొమ్మలైనా రాక తెర వేగం నిరర్థకమవుతుంది.

ఒక ఇల్లు ఊహించుకుందాం. అన్న స్టూడియోలో ఆల్బమ్‌లు చేస్తాడు, తమ్ముడు ఇంటర్మీడియట్ చదువుతూ సెలవులలో ఆటలాడతాడు, తల్లి రాత్రివేళ పాత సినిమా చూస్తుంది. కొనగలిగినది ఒక్క తెర. నా దృష్టిలో అన్న పనికే అగ్రస్థానం దక్కాలి, ఇల్లు గడిచేది దానితోనే. 27 అంగుళాల ఐపీఎస్, 2560 × 1440 పిక్సెళ్ళు, నిండు ఎస్ఆర్‌జీబీ, 144 హెర్ట్జ్ గల తెర వీరికి తగినది. తమ్ముడు దాదాపు ఏమీ కోల్పోడు. తల్లికి మాత్రం చిక్కని నలుపు దక్కదు. తెర వెనుక గోడ మీద పడేటట్లు చిన్న తెల్లని దీపం పెడితే కంటికి ఆ బూడిదరంగు కొంత నలుపుగా తోస్తుంది. అన్న ఉద్యోగం వేరైతే వీఏ వైపే మొగ్గవచ్చు. ఓఎల్ఈడీ ముచ్చట తీర్చేదే, కాని ధర ఎక్కువ. పైగా ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లోని కదలని పట్టీలు ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటే వాటి గుర్తు తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉన్నది.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటిచోట కొన్నా, తపాలాలో తెప్పించుకున్నా, ఇంటికి రాగానే తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను వరుసగా ఉంచి చచ్చిన పిక్సెళ్ళు ఉన్నాయేమో చూడాలి. వాపసు గడువు ముగిసేదాకా పెట్టెనూ బిల్లునూ దాచాలి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ద్వారా ఫోర్‌కే బొమ్మలు సెకనుకు 30 మాత్రమే వస్తాయి కనుక కంప్యూటర్ వెనుక ఏ పోర్టు ఉన్నదో ముందే తెలుసుకోవాలి. 144 హెర్ట్జ్ తెర కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో 60 దగ్గరే వదిలేసి వాడుతున్నవారు ఎందరో ఉన్నారు. ఆ అంకెను మన చేతితోనే మార్చుకోవాలి.

ప్రశ్నలు

1. తెర కాంతి అధికమైతే ముద్రించిన ఫొటో ఎందుకు నల్లబడుతుంది?
2. 60 హెర్ట్జ్ తెర మీద సినిమా తడబడడానికి కారణాన్ని లెక్కతో వివరించండి.
3. పాఠంలోని కుటుంబానికి రచయిత ఎన్నుకున్న తెరతో మీరు ఏకీభవిస్తారా? మీ ఇంటి అవసరాలను బట్టి చర్చించండి.