తేనె సీసాకు చీటీ మనమే వేసుకుందాం

పొద్దుతిరుగుడు చేల పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న ఒక రైతు గోడు ఇది. చలికాలంలో ఆయన అమ్మిన తేనె సీసాల అడుగున తెల్లగా పేరుకుపోయింది. కొన్నవాళ్లు "ఇది పంచదార పాకమయ్యా" అంటూ సీసాలు తెచ్చి ముందు పెట్టారు. ఆయన డబ్బులు వాపసు ఇచ్చాడు. నిజానికి అందులో కల్తీ లేదు. పొద్దుతిరుగుడు తేనెలో గ్లూకోజు పాలు ఎక్కువ, అందుకే త్వరగా గడ్డకడుతుంది. "చలికి పేరుకుంటే గోరువెచ్చని నీళ్లలో సీసా ఉంచండి, పొయ్యి మీద పెట్టవద్దు" అని చీటీ మీద ఒక్క ముక్క ఉంటే ఆ నష్టం తప్పేది.

ముందు సీసా సంగతి. పాత మందు సీసాలు వాడకండి, ఎంత కడిగినా వాసన వదలదు. తేనె నీళ్లకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. 180 మిల్లీలీటర్ల సీసాలో సుమారు పావుకిలో, 350 సీసాలో సుమారు అరకిలో పడుతుంది. కొలత చూసి బరువు రాయకూడదు. ఖాళీ సీసాను తూచి, నింపాక మళ్లీ తూచి, ఆ తేడానే నికర బరువుగా వేయాలి.

దుకాణానికి ఇవ్వాలంటే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ 14 అంకెల నెంబరు, సరుకు పేరు, మీ పేరు, ఊరు, ఫోను, నికర బరువు, బ్యాచి నెంబరు, నింపిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఇవి ముఖ్యమైనవి. తేనెను ఈగలు చేస్తాయి కదా, శాకాహార గుర్తు పెట్టవచ్చా అని కొందరికి అనుమానం. పెట్టాలి. మన నిబంధనల్లో తేనెకు పాలలాగే మినహాయింపు ఉంది. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క వేయండి. ఏడాదిలోపు పిల్లలకు పట్టవద్దన్న మాట కూడా వేస్తే మంచిది. అచ్చుకు ఇచ్చే ముందు నమూనా ఒకటి ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుకు చూపించండి, పోషక విలువల పట్టిక గురించీ అప్పుడే అడగండి.

చేలో పెట్టెల తేనెకు "అడవి తేనె" అని పేరు పెట్టకండి. షుగరు తగ్గిస్తుంది, ఆయాసం పోగొడుతుంది లాంటి మాటలు రాస్తే కేసవుతుంది. దేవుడి బొమ్మ కూడా వద్దంటాను. ఖాళీ సీసా చెత్తకుండీలో పడినప్పుడు చూసినవాళ్లకు కష్టంగా ఉంటుంది.

కొలతకు కాగితం పట్టీని సీసా చుట్టూ తిప్పి చూడండి. చీటీ చుట్టూరా రాకూడదు, తేనె రంగు కనబడాలి. మెడ దగ్గర వంపు మొదలయ్యే చోటికి కిందే ఆపాలి, లేకపోతే ముడతలు పడుతుంది. 10 సెం.మీ. వెడల్పు, 7 సెం.మీ. ఎత్తు చీటీలు ఒక ఎ4 కాగితంలో 8 వస్తాయి. పెద్ద అక్షరాల్లో సరుకు పేరు, ఊరి పేరు ఉంటే చాలు. రంగులు రెండు మించితే కంటికి చికాకు, ఖర్చు కూడా.

ఇంక్‌జెట్ అచ్చు తడి తగిలితే కారిపోతుంది. లేజర్ అచ్చో, ఆఫ్‌సెట్ అచ్చో మేలు. మైదా జిగురుకు బొద్దింకలు చేరతాయి. విదేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు గాజు సీసాలకు చీటీలు పాలతో అంటిస్తారు. వెన్న తీసిన పాలను చీటీ వెనక పల్చగా రాసి, అద్ది, గుడ్డతో తుడిస్తే ఆరాక గట్టిగా పట్టుకుంటుంది. నీళ్లలో నానబెడితే మళ్లీ ఊడివస్తుంది, సీసా ఇంకోసారి పనికొస్తుంది. ప్లాస్టిక్ సీసాకు మాత్రం ఇది పట్టదు.

తేదీ, బ్యాచి, ధర అచ్చులో వేయించకండి. ఖాళీ వదిలి రబ్బరు స్టాంపు కొట్టుకోండి, ధర మారినా చీటీలు వృథా కావు. ఏ బ్యాచి ఏ చేను పక్కన, ఏ తేదీన తీసిందో పుస్తకంలో రాసి పెట్టుకుంటే, ఫలానా సీసా బాగాలేదని ఎవరైనా వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూపించవచ్చు.