ఈసీహెచ్ఎస్ కార్డు బీరువాలో ఉంటే చాలదు: మాజీ సైనికుల కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు



సర్వీసులో ఉన్నన్నాళ్లు జబ్బు చేస్తే యూనిట్‌లోనే డాక్టరు ఉంటారు. రిటైరై ఊరికొచ్చాక ఆ వసతి ఉండదు. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ ముదిగొండ మండలానికి దాదాపు 200 కిలోమీటర్లు. ఇలాంటి కుటుంబాల కోసమే కేంద్ర ప్రభుత్వం 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్ఎస్ పథకం తెచ్చింది. కార్డు ఉండి కూడా, పద్ధతి తెలియక అప్పు చేసి బిల్లు కట్టే పరిస్థితి ఎవరికీ రావొద్దు. అందుకే ఈ పాఠం.

ఎవరికి వర్తిస్తుంది?

త్రివిధ దళాల్లో పనిచేసి పెన్షన్ తీసుకుంటున్నవారికి, కుటుంబ పెన్షన్ వచ్చేవారికి, వారిపై ఆధారపడినవారికి. అంటే భార్య లేదా భర్త, సంపాదన లేని 25 ఏళ్లలోపు పెళ్లికాని కొడుకు, సంపాదన లేని పెళ్లికాని కూతురు, తక్కువ ఆదాయమున్న తల్లిదండ్రులు.

చందా ఒక్కసారే కట్టాలి. హవల్దారు ర్యాంకు వరకు రూ.30,000. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారికి, యుద్ధంలో భర్తను కోల్పోయినవారికి చందా లేదు. పాత జబ్బు ఉందని, వయసు మీద పడిందని కార్డు ఇవ్వకుండా ఉండరు.

సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్‌లలో రిటైరైనవారికి ఇది వర్తించదు. వారికి సీజీహెచ్ఎస్ ఉంది.

మామూలు జబ్బుకు దారి

ముందు పాలీక్లినిక్‌కు వెళ్లాలి. అక్కడి డాక్టరు చూసి మందులిస్తారు. పెద్ద వైద్యం కావాలంటే రెఫరల్ చీటీ రాస్తారు. ఆ చీటీతో, పథకంతో ఒప్పందం ఉన్న ప్రైవేటు దవాఖానకు వెళ్తే పైసలు కట్టనక్కర్లేదు. చీటీ లేకుండా నేరుగా వెళ్లి, తర్వాత డబ్బు ఇమ్మంటే సాధారణంగా ఇవ్వరు. మోకాలి ఆపరేషన్, కంటి శుక్లం లాంటివి ఆగి చేయించుకునేవే కాబట్టి సాధారణంగా ముందే చీటీ తీసుకోవాలి.

అర్ధరాత్రి ఆపద వస్తే?

ప్రాణాపాయం ఉన్నప్పుడు చీటీ కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరి దవాఖానకు వెళ్లండి.

ఒప్పందం ఉన్న దవాఖానైతే కార్డు చూపించండి. పాలీక్లినిక్‌కు సమాచారం వాళ్లే పంపాలి. పంపారో లేదో మీరు గట్టిగా అడగండి.

ఒప్పందం లేని దవాఖానైతే ముందు బిల్లు మీరే కట్టాలి. ఇక్కడే 48 గంటల నియమం ఉంది. ఉదాహరణకు, వల్లభిలో ఒక రిటైర్డ్ హవల్దారుకు శనివారం రాత్రి గుండెనొప్పి వచ్చి, ఖమ్మంలో అలాంటి దవాఖానలో చేర్చారనుకుందాం. సోమవారం రాత్రిలోపు ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు దగ్గరి పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. డిశ్చార్జి సమ్మరీ, అత్యవసరమని డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్, అసలు బిల్లులు భద్రంగా దాచాలి. డబ్బు వాపసు వచ్చేది ప్రభుత్వ రేట్ల ప్రకారమే. దవాఖాన అంతకంటే ఎక్కువ వేస్తే ఆ తేడా మనమే భరించాలి. అందుకే రోగి కాస్త కుదుటపడగానే, ఒప్పందం ఉన్న దవాఖానకు మార్చే వీలుందా అని పాలీక్లినిక్‌ను అడగండి.

అమ్మలారా, మీ కార్డు మీకుందా?

భర్త కార్డు మీద భార్యకు వైద్యం జరగదు. ప్రతి మనిషికీ విడిగా కార్డు ఉండాలి. పెన్షన్ పత్రంలో, ఆధార్‌లో, కార్డులో మీ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆయన పోయాక ఆ తేడాలు సరిచేయడం మీకు చాలా కష్టమవుతుంది.

దూరపు ఊళ్లవారికి

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు ఉన్న బంధువులకు కూడా ఈ సమాచారం పంపండి. ప్రతి చిన్న సలహాకీ బస్సెక్కే పని లేకుండా, రక్షణ శాఖ 2021 మే 27న సేహత్ ఓపీడీ అనే వీడియో సేవ ప్రారంభించింది. స్మార్ట్‌ఫోన్‌లో డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు. ఇది సలహాకే, ఆపదకు కాదు.

పెన్షన్ రాని మాజీ సైనికులకు

వీరిలో అర్హులైనవారికి వైద్య సాయం కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా దొరుకుతుంది. దరఖాస్తు ఎలా చేయాలో ఖమ్మంలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అర్హత ఉంటే ఆరోగ్యశ్రీ కూడా ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి దాని పరిమితి రూ.10 లక్షలు.

ఈ వారమే చేయాల్సిన నాలుగు పనులు

1. ఇంట్లో అందరి కార్డులు తీసి, పేర్లు సరిపోల్చండి.
2. పాలీక్లినిక్ ఫోన్ నంబరు ఇంట్లో ప్రతి ఫోన్‌లోనూ, గోడ మీదా రాసి పెట్టండి.
3. ఒప్పందం ఉన్న దవాఖానల తాజా జాబితా పాలీక్లినిక్‌లో అడిగి తీసుకోండి. జాబితా మారుతుంటుంది.
4. కార్డు ఎక్కడుందో, 48 గంటల సంగతేమిటో కొడుకు, కోడలు, పక్కింటివారికి చెప్పి ఉంచండి. ఆపద రోజు మాట్లాడాల్సింది మీరు కాదు, వాళ్లే.

ఫోన్ చూడటం రాని పెద్దవాళ్లకు దీన్ని చదివి వినిపించండి.