అభ్యస్తహస్తమే అభయహస్తము

రహదారిపై మోటారు సైకిలు జారి యొక యువకుడు పడి, మోకాలి క్రింద నెత్తురు ధారగా కారుచుండగా, చూచుచుండగనే పదుగురు మూగుదురు. ఒకరు నీళ్లు త్రాగించుమందురు, ఒకరు లేపి కూర్చుండబెట్టుమందురు, మరియొకరు ఫోను పైకెత్తి ఫొటో తీయుచుందురు. ఆ గాయముపై శుభ్రమైన గుడ్డ నుంచి గట్టిగా అదిమి పట్టుటకు మాత్రము ఒక్క చేయియు ముందునకు సాగదు. ఇది చూచి, లోకమున దయాదాక్షిణ్యములు నశించినవని నిట్టూర్చుట మనకు పరిపాటి. కాని యది తొందరపాటు తీర్పు. దయ బొత్తిగా లేనివాడు అచ్చట నిలువనే నిలువడు. నిలిచినవారిని నిశ్చేష్టులను గావించునది "నేను తాకినచో ఏమగునో" యను శంక. చేతికి పని తెలియనంతకాలము ఆ శంక మనస్సును వీడదు.

గుంపు పెరిగినకొలది సాయము పెరుగుటకు మారు తరుగుట మరియొక విచిత్రము. చూచువారు పెక్కురున్నప్పుడు బాధ్యత అందరిలోను చెదరిపోయి ఏ యొక్కరికిని తనదిగా తోపదని డార్లే, లటానే అను అమెరికను మనశ్శాస్త్రవేత్తలు 1968లో ప్రయోగపూర్వకముగా చూపిరి. దీనికి తోడు పోలీసుల విచారణలు, కోర్టు వాయిదాలు అను భయమొకటి మన దేశమున చిరకాలముగా పాతుకొని యున్నది. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును, 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చిన 134ఎ సెక్షనును, సద్బుద్ధితో ఆదుకొన్నవానికి రక్షణ కల్పించినవి. బయటి భయమును చట్టము తీర్చగలదు గాని, లోపలి భయమును తీర్చుట అభ్యాసమునకే సాధ్యము.

మానవునకు తన శక్తిపై నమ్మిక ఎట్లు కుదురునో విచారించిన ఆల్బర్ట్ బందూరా, 1977లో ప్రకటించిన సిద్ధాంతమున, ఇతరుల ప్రోత్సాహవాక్యములకన్నను, ఇతరులు చేయగా చూచుటకన్నను, తాను స్వయముగా చేసి నెగ్గిన యనుభవమే బలవత్తరమని నిర్ణయించెను. ప్రథమ చికిత్సను గూర్చి పుస్తకము చదివినవాడును వీడియో చూచినవాడును ఆపత్కాలమున తడబడుటకు కారణ మిదియే: వారికి విషయము తెలిసినదే గాని, అది తమ చేతనగునన్న సాక్ష్యము వారికింకను లభింపలేదు.

ఆ సాక్ష్యము శిక్షణశాలలో, గుండె ఆగినవాని రొమ్ము నొక్కుట నేర్పుటకై నేలపై పరుండబెట్టిన యొక బొమ్మ యొద్ద లభించును. ఇట్టి బొమ్మను 1960లో లోకమునకిచ్చినవాడు నార్వే దేశమున ఆటబొమ్మలు తయారుచేయుచుండిన ఆస్మండ్ లేర్డాల్. దాని ప్రక్కన మొదటిసారి మోకరించిన గృహిణి, రొమ్ము నడుమ అరచేతులు మోపుటకే సంకోచించి, చపాతీ పిండి నదిమినట్లు మెల్లగా నొత్తును. "మోచేతులు వంచకండమ్మా, బరువంతా భుజాలనుంచి దిగాలి" అని శిక్షకుడు సరిదిద్దును. ఐదు సెంటీమీటర్లకు తగ్గక, ఆరింటికి మించక, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కవలెను. తగిన లోతు దిగినప్పుడు బొమ్మలోనుండి "టిక్కు"మను చప్పుడు వినవచ్చును. రెండు నిమిషములు గడచునప్పటికి నుదుట చెమట పట్టి, భుజములు బరువెక్కి, ప్రక్కవారికి వంతు అప్పగింపక తప్పదు. ఇంత బలము కావలెననియు, ఇంత బలము తనయందు కలదనియు ఆమె యెరుంగుట యప్పుడే. గుండె ఆగిన పిదప నాలుగైదు నిమిషములలోనే మెదడునకు హాని యారంభమగును. 108 వాహనమెంత వేగముగా వచ్చినను, ఆ తొలి నిమిషములు చెంతనున్నవారి చేతిలోనివే.

చేతితోపాటు గొంతుకును శిక్షణ కావలెను. "ఎవరైనా ఫోన్ చేయండి" అన్నచో ఎవ్వరును చేయరు. "నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి ఫోన్ చేసి, వాళ్లేమన్నారో నాకు చెప్పు" అని వ్రేలు చూపి యన్నచో, చెదరిన బాధ్యత తక్షణమే యొకని భుజముపై నిలుచును. నలుగురిలో నోరు మెదపని స్వభావము గలవారు సయితము దీనిని పదే పదే అభినయించి నేర్చుకొనుచున్నారు. సంకట సమయమున స్పష్టముగా మాటాడ నేర్చిన గొంతుక ఆఫీసు సమావేశమునను తడబడదు.

అభ్యాసము నేర్పుటయే కాదు, తప్పుడు అలవాట్లను మాన్పును. కాలినచోట టూత్‌పేస్టును సిరాను పూయుట, మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళముల గుత్తి నుంచుట, పాము కరచినచోట గాటుపెట్టి బిగించి కట్టుట మన యిండ్లలో నేటికిని కలవు. కాలినచోట 20 నిమిషములు కుళాయి నీరు పారింపవలెననియు, మూర్ఛ తగ్గినవానిని ప్రక్కకు ఒత్తిగిలజేయవలెననియు, పాము కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెననియు తెలిసినవాడు, వైద్యుడు చేయవలసిన పనికి తాను పూనుకొనడు. ఎంతవరకు తన పనియో, ఎచ్చట ఆగవలెనో ఎరిగిన ధైర్యమునకే ఆత్మవిశ్వాసమను పేరు తగును, హద్దెరుగనిది దుస్సాహసము.

1920లో చట్టబద్ధముగా వెలసిన భారతీయ రెడ్‌క్రాస్ సొసైటీయు, సెయింట్ జాన్ అంబులెన్సు సంస్థయు ఇట్టి శిక్షణను చిరకాలముగా నిచ్చుచున్నవి. ఒకసారి పొందిన ధ్రువపత్రమును గోడకు తగిలించి ఊరకుండరాదు. కొన్ని నెలలు గడచిన చేతులు మరచును గావున, ఏటేట మరల బొమ్మ చెంత కూర్చుండుట మేలు. ధైర్యము కలిగిన పిదప నేర్చుకొందమని వేచియుండువారికి ఆ దినము రాదు. పిరికివారమని తలంచువారే ముందుగా పేరు నమోదు చేయించుకొనవలెను. వారిని ధైర్యవంతులుగా తీర్చుటకే యా తరగతు లున్నవి.