పైన పటారం, కింద తుప్పు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలాంటి ఊళ్లలో కారు అద్దెకు తిప్పుకునేవాళ్లు పొద్దున్నే బండి తుడుస్తారు. అద్దాలు, బానెట్, డోర్లు తళతళలాడతాయి. బండి కిందికి తొంగి చూసేది మాత్రం ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరపడ్డాకే. అప్పటికి డోర్ల కింద రేకు పొరలు పొరలుగా ఊడుతూ ఉంటుంది.

ఇనుముకు తడి, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఆ తడిలో ఉప్పు కలిస్తే మరీ తొందరగా పడుతుంది. సముద్రపు గాలి, ఇసుక, భీమవరం వైపు రోడ్ల మీద రొయ్యల బళ్లు కార్చుకుంటూ పోయే నీళ్లు అన్నీ చేరేది బండి అడుక్కే. పైగా ఇప్పటి చిన్న కార్లకు విడిగా ఛాసీ ఉండదు. అడుగు రేకు, డోర్ల కింది సిల్లులే బండి బలం.

ఈ అడుగుకు తుప్పు పట్టకుండా ఇంటి దగ్గరే కోటింగ్ వేసుకోవచ్చు. వరసగా రెండు రోజులు కిరాయి మానుకోగలిగితేనే మొదలుపెట్టండి. వానలకు ముందు, ఎండ కాసే మే నెల దీనికి అనువు.

ముందు ప్రాణం సంగతి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. చదునైన గట్టి నేల మీద, నేలమీదున్న చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, కంపెనీ చెప్పిన చోట్ల స్టాండ్లు ఆనించి, బండిని ఊపి చూశాకే కిందికి వెళ్లండి. సైలెన్సర్ చల్లారి ఉండాలి.

తర్వాత కడగడం. చక్రాల పైనున్న గూళ్లలో, మలుపుల్లో పేరుకున్న బురదను మంచినీళ్లతో పూర్తిగా వదిలించండి. సిల్లులకు, డోర్లకు కింద నీళ్లు పోయే చిన్న చిల్లులుంటాయి. అవి పూడితే నీళ్లు లోపలే నిలుస్తాయి. పుల్లతో తీయండి. కడిగాక ఒక రోజంతా ఆరనివ్వండి. ఈలోగా లోపలి మ్యాట్లు ఎత్తి చూడండి. కింద చెమ్మ ఉంటే తుప్పు లోపలి నుంచీ వస్తున్నట్టే.

ఆరాక స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టిగా మోగితే పరవాలేదు. మెత్తగా దిగబడితే, చిల్లు పడితే అక్కడ ఆగిపోండి. అది వెల్డింగ్ పని, రంగుతో పూడేది కాదు.

పైపై తుప్పయితే కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని వైర్ బ్రష్‌తో గీకండి, ఎమరీ పేపర్‌తో రుద్దండి. పెట్రోల్ పైపుల దగ్గర గ్రైండర్ పెట్టొద్దు, నిప్పురవ్వలు రేగుతాయి. గీకినా పోని తుప్పుకు రస్ట్ కన్వర్టర్, ఆరాక ప్రైమర్, ఆపైనే కోటింగ్. ఒకేసారి దట్టంగా పూయకుండా పలచగా రెండు సార్లు వేయండి. డబ్బాలోది త్వరగా నిప్పంటుకునే సరుకు. ఆరుబయటే పని చేయండి, దగ్గర్లో బీడీ కూడా వెలిగించొద్దు.

సైలెన్సర్, బ్రేకు భాగాలు, సస్పెన్షన్ కీళ్లు, యాక్సిల్ రబ్బరు బూట్లు, సెన్సార్లు, నీళ్లు పోయే చిల్లులు వీటికి కోటింగ్ తగలకూడదు. ముందే పేపరు, టేపు చుట్టండి.

కోటింగ్‌లో రెండు రకాలు. నల్లటి రబ్బరు కోటింగ్ ఆరి గట్టిపడుతుంది, రాళ్ల దెబ్బకు కొంత ఓర్చుకుంటుంది. కానీ పగిలిందా, పగుల్లో నీరు చేరి పైకి కనపడకుండానే రేకును తింటుంది. మైనం రకం మెత్తగానే ఉండి సందుల్లోకి పాకుతుంది, ఏటా మళ్లీ వేయాలి. ఇప్పటికే కాస్త తుప్పు మొదలైన పాత బండికి ఈ రెండోదే నయం.

వాడేసిన ఇంజన్ ఆయిల్ కొట్టించడం పాత అలవాటు. దానివల్ల రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి, దుమ్ము అంటుకుంటుంది, కారిన చోట నేల చెడుతుంది. ఒంటికీ మంచిది కాదు. మానేయండి.

కోటింగ్ కొట్టడం ఒక పూట పని. కడగడం, ఆరబెట్టడం, గీకడం రోజున్నర పని. ఆ రోజున్నర దొరక్కపోతే డబ్బా కొనొద్దు. తుప్పు మీద పూసిన నలుపు దాన్ని దాస్తుందే తప్ప ఆపదు. దానికంటే వారానికోసారి, బీచ్‌కు వెళ్లొచ్చిన రోజు తప్పకుండా, మంచినీళ్ల పైపుతో బండి అడుగు కడగండి.