ఆకాశంలోని చుక్కను వెంటాడే ఆంటెన్నా

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలోని ఆరు రాష్ట్రాలలో ఎంపిక చేసిన దాదాపు 2,400 గ్రామాలకు ఆకాశం నుండి టెలివిజన్ కార్యక్రమాలు రావడం మొదలయింది. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరం పాటు అరువు తెచ్చుకొని మన అంతరిక్ష పరిశోధన సంస్థ జరిపిన ‘సైట్’ ప్రయోగమది. నాటి ఆంధ్రప్రదేశ్‌లో అందుకు ఎంచుకొన్న జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2016లో వనపర్తి జిల్లా ఏర్పడక పూర్వం మన కొత్తకోట ఆ జిల్లాలోనిదే.

ఆ గ్రామాలలో నిలిపిన ఆంటెన్నా చూడటానికి అతి సామాన్యమైనది. కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప జాలీ వంటి వలతో చేసిన, 3 మీటర్ల వ్యాసం గల గొడుగు. మోటారు లేదు. ఒకసారి దిక్కు చూచి బిగిస్తే చాలు. కాని అదే ఉపగ్రహానికి కార్యక్రమాలను పంపిన అహమ్మదాబాదు భూకేంద్రంలోని 14 మీటర్ల ఆంటెన్నా వంటి వాటిని అట్లు బిగించి వదలడానికి వీలులేదు. చిన్నదానికి లేని చిక్కు పెద్దదానికి ఎందుకు? సాహిత్యం బోధించే నాకు ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ. భౌతికశాస్త్ర మిత్రులు క్షమింతురు గాక!

ఆంటెన్నా ‘చూపు’ ఎంత వెడల్పో తెలుసుకొనడానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. తరంగదైర్ఘ్యాన్ని వ్యాసంతో భాగించి 70తో గుణిస్తే, రమారమి ఆ వెడల్పు డిగ్రీలలో వస్తుంది. గ్రామాలకు సంకేతం 860 మెగాహెర్ట్జ్ వద్ద వచ్చింది. అంటే తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు. 3 మీటర్ల గొడుగుకు చూపు 8 డిగ్రీలకు పైగా ఉంటుంది. అహమ్మదాబాదు నుండి పంపిన తరంగం దాదాపు 5 సెంటీమీటర్లు. కనుక 14 మీటర్ల ఆంటెన్నా చూపు పావు డిగ్రీ మాత్రమే! ఆంటెన్నా పెద్దదైన కొలదీ సంకేతం బలపడుతుంది, చూపు సన్నబడుతుంది.

ఉపగ్రహం నిజంగా కదలకుండా ఉంటే ఇదీ సమస్య కాకపోవును. 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాన్ని స్థిరమని పుస్తకాలలో చదువుకొంటాము. అయితే సూర్యచంద్రుల ఆకర్షణ దానిని ఇటూ అటూ లాగుతుంది. నేలనుండి చూచేవారికి అది రోజుకొకసారి సన్నని ఎనిమిది అంకె వ్రాసినట్లుగా ఊగుతుంది. చిన్న రాకెట్లను మండించి దానిని డిగ్రీలో పదవ వంతు హద్దులో ఉంచినా, ఆ ఎత్తున అది 70 కిలోమీటర్లకు పైమాట. పావు డిగ్రీ చూపు గల ఆంటెన్నా అంతమాత్రం గురి తప్పితే వచ్చే శక్తిలో సుమారు మూడవ వంతు జారిపోతుంది.

వెంటాడడానికి ముందు గుర్తుపట్టాలి. ఇటువంటి ఉపగ్రహాలు సాధారణంగా ‘బీకన్’ అనే మారని సంకేతాన్ని ఎడతెగక పంపుతూ ఉంటాయి. గ్రాహకం రేడియో మర తిప్పినట్లు ఆ ఒక్క పౌనఃపున్యం చుట్టూ వెదకి, మిగిలిన రొదనంతా వడగట్టి, దొరికినదానిని గట్టిగా పట్టుకొంటుంది.

అటుపై దారులు ముఖ్యంగా రెండు. మొదటిది మన ఇండ్లలో అందరూ చేసినదే. మా చిన్నతనంలో అన్న మిద్దె ఎక్కి ఆంటెన్నా తిప్పేవాడు, క్రింద నేను “బొమ్మ వచ్చింది... పోయింది, వెనక్కి తిప్పు!” అని అరచేవాడిని. యంత్రమూ అంతే చేస్తుంది. కొంచెం కదిలి బీకన్ బలం కొలుస్తుంది. పెరిగితే అదే వైపు మరొక అడుగు, తగ్గితే వెనుకకు. ఇది చవకైనది, నెమ్మదైనది. మెల్లగా ఊగే భూస్థిర ఉపగ్రహానికి చాలును.

రెండవది మరింత తెలివైనది. మామిడితోటలో కోయిల కూస్తే, రెండు చెవులకూ సమంగా వినిపించేదాకా తల తిప్పుతాము గదా! ఆంటెన్నా నాభి వద్ద పక్కపక్కన ఉంచిన గ్రాహకాలు ఆ చెవుల వంటివి. రెండింటి భేదం సున్న అయితే గురి సరిగా ఉన్నట్లు. భేదం ఉంటే, ఎటు ఎంత తప్పిందో ఒక్క క్షణంలోనే తెలుస్తుంది; వెదకులాట అవసరం లేదు. ఆ భేదమే మోటార్లను నడుపుతుంది. ఒకటి దిక్కు మార్చేది, ఒకటి ఎత్తు మార్చేది.

హైదరాబాదు వెళ్లే దారిలో మనం దాటే షాద్‌నగర్‌లో 1979 నుండి భూపరిశీలక ఉపగ్రహాల సంకేతాలను అందుకొనే కేంద్రం ఉన్నది. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే పరుగెత్తే ఆ ఉపగ్రహాలు ఒక దిగంతం నుండి మరొక దిగంతానికి పావుగంటలోపే దాటిపోతాయి. అక్కడ మిద్దె మీది అన్న పద్ధతి ఏమాత్రం పనికిరాదు. ముందుగా గణించిన చోట కాచుకొని ఉండి, సంకేతం తగలగానే వెంటపడవలసిందే.

మరి గ్రామాల జాలీ గొడుగుకు అంత సులువు ఎట్లా దక్కింది? ఆ భారాన్ని ఉపగ్రహం మోసింది. దాని ప్రసార శక్తి 80 వాట్లు, ఒక ఇంటి దీపమంత. దానిని 9 మీటర్లకు పైబడిన గొడుగుతో మన దేశం వైపే కూడదీసి పంపింది. అంటే గురి తప్పకుండా నిలిచే శ్రమ ఆకాశంలో జరిగింది.

ఆ ఉపగ్రహం 35 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఉండేది. లెక్క వేస్తే మన ప్రాంతానికది పడమటికి కొంచెం దక్షిణంగా, దాదాపు 38 డిగ్రీల ఎత్తున కనబడాలి. 1976 జులై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహం అమెరికా వైపు మరలింది. వెంటాడడానికి గొడుగులకు మోటార్లు లేవు, ఉన్నా అది మన దిగంతం క్రిందికి పోయింది. 1983లో ఇన్సాట్-1బి 74 డిగ్రీల వద్ద నిలిచాక, మన ఆంటెన్నాలు దక్షిణానికి తిరిగి 70 డిగ్రీల ఎత్తుకు తల ఎత్తవలసి వచ్చింది.