టీకామందును కాపాడు స్థిరకారులు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి భిలాయి ఉక్కు కర్మాగారము 1955లో సోవియట్ దేశముతో జరిగిన ఒడంబడిక ఫలితముగ వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదు తొలి బ్లాస్టు కొలిమిని ప్రారంభించిరి. తెలుగునాటి నుండి పనికై వచ్చి అచట స్థిరపడిన కుటుంబములు పెక్కు కలవు.

కరిగిన ఉక్కులో ఆమ్లజని మిగిలియున్నచో, గట్టిపడునపుడు వాయువులు పుట్టి ఉక్కు పొంగును. కొలదిపాటి సిలికాను గాని అల్యూమినియము గాని చేర్చినచో పొంగు అణగి, ఉక్కు నిలకడగ గట్టిపడును. కొలిమి పనివారికి ఇది తెలిసిన విషయమే. వారి బిడ్డలకు వేయు టీకామందునకును ఇట్టి రక్షణ కావలెను. మందు చెడకుండ నిలుపుటకై చేర్చు ద్రవ్యములకే స్థిరకారులని పేరు.

భిలాయిలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. వేడిమి సోకినచో టీకామందు సారము కోల్పోవును. పూర్వము మశూచి టీకాద్రవము ఎండకాలమున కొలది దినములలోనే నిర్వీర్యమగుచుండెను. 1950 దశాబ్ది ఆరంభమున లిస్టర్ సంస్థలో లెస్లీ కోలియర్ అను శాస్త్రజ్ఞుడు దానికి పెప్టోను చేర్చి, గడ్డకట్టించి, తేమను తీసివేసి పొడిగ మార్చెను. ఆ పొడి వేడిమిలో సైతము వారములతరబడి నిలిచెను. భారతదేశమున 1962లో మశూచి నిర్మూలన కార్యక్రమము ఆరంభమై, 1977లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడినది. ఈ విజయమునకు పొడి టీకా మిక్కిలి తోడ్పడినది. నేడు పోలియో చుక్కలలో మెగ్నీషియము క్లోరైడును, కొన్ని తట్టు టీకాలలో జెలటిను, సార్బిటాలులను స్థిరకారులుగ వాడుచున్నారు.

సీసా లోపల రసాయనము కాపు. వెలుపల యంత్రము కాపు. టీకాలను 2 నుండి 8 డిగ్రీల చలువలో నుంచు శీతల పెట్టెకు వోల్టేజి స్టెబిలైజరును తగిలింతురు. విద్యుత్తు హెచ్చుతగ్గులవలన పెట్టె మోటారు కాలిపోకుండ ఇది కాపాడును.

అయితే ఈ రెండు కాపులకును హద్దు కలదు. విద్యుత్తే లేనపుడు స్టెబిలైజరు చలువను పుట్టింపజాలదు. అపుడు పెట్టె మూతను తెరువరాదు. తట్టు టీకా పొడిని ద్రవముతో కలిపిన పిదప స్థిరకారి రక్షణ నిలువదు; కలిపిన మందును 4 గంటలలో వాడవలెను, మిగిలినదానిని పారవేయవలెను. కామెర్ల టీకా యగు హెపటైటిస్-బి వంటివి గడ్డకట్టినచో చెడును. గావున మంచు అట్టివానికి మేలు చేయదు, కీడే చేయును.

పోలియో చుక్కల సీసాపై ఒక వలయమును, దాని నడుమ ఒక చతురస్రమును ఉండును. చతురస్రము వలయముకంటె లేత రంగుననున్నచో, గడువు తీరనిచో, మందు వాడదగినది. రెండును ఒకే రంగైనను, చతురస్రమే ముదిరినను వాడరాదు. ఈ గుర్తును తల్లిదండ్రులు అడిగి చూడవచ్చును. స్థిరకారి మందునకు కొంత వ్యవధి నిచ్చును. ఆ వ్యవధిలో బిడ్డకు టీకా వేయించుట పెద్దల బాధ్యత.